పత్తి ధర చివరి అంకె

సూరత్ పోలీసులు వర్లి మట్కా రాసేవాణ్ణి పట్టుకుంటే ఇవాళ్టికీ 1887 నాటి చట్టం కిందే కేసు కడతారు. 1960 మే 1న బొంబాయి రాష్ట్రం రెండుగా చీలి గుజరాత్ ఏర్పడినప్పుడు ఆ జూద నిరోధక చట్టం కూడా ఇటు పంపకానికొచ్చింది. అందులో జూదపు ఇల్లు అంటే ఏమిటో వివరించే చోట పత్తి పేరు కనిపిస్తుంది. పత్తి గానీ నల్లమందు గానీ మరే సరుకు గానీ, దాని బజారు ధర మీద పందెం ఆడించే చోటు జూదపు ఇల్లే. ఆ ధర చెప్పే సంఖ్యలోని అంకెల మీద ఆడించినా జూదపు ఇల్లే. చట్టాలు రాసేవాళ్ళు గాలిలోంచి నేరాలు పుట్టించరు, జనం చేస్తున్నదాన్నే కాగితం మీద పెడతారు. పత్తి ధరలోని ఒక అంకె మీద కూలి డబ్బులు కాసే జనం ఈ పడమటి తీరాన అంతమంది ఉండేవారు.

ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎవరి ఇళ్ళలోంచి ఏం పట్టుకుపోయిందో మన తెలుగులో ఎవరో ఒకరు చెప్పుకోవాలి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మూట కట్టుకుని బొంబాయి మిల్లులకూ, తర్వాత సూరత్ మగ్గాలకూ వెళ్ళిన పద్మశాలీలు ఈ ఆట పుట్టిన వీధుల్లోనే బతికారు. బొంబాయిలో అది చావడం కూడా వాళ్ళు చూశారు.

మొదలు సూరత్ నుంచే. తపతి ఒడ్డున మొగలాయిల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు బయల్దేరిన రేవు ఇది. ఇంగ్లీషు కంపెనీ కోఠీ పెట్టుకున్న తొలి ఊళ్ళలో ఒకటి. రేవు పూడిపోయి వ్యాపారం బొంబాయికి తరలిపోయినా, పత్తికి మాత్రం ఈ ఊరి పేరు మిగిలిపోయింది. లాంకషైర్ మిల్లుల్లో భారతదేశం నుంచి వచ్చిన పత్తినంతా సూరత్ అనే పిలిచేవారు. పింజ పొట్టి, చెత్త ఎక్కువ, మగ్గం మీద దారం మాటిమాటికీ తెగేది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయాక ఆ మిల్లులకు ఇదే దిక్కయింది. దేవుడా, పత్తి పంపు, సూరత్ మాత్రం పంపకు అని అక్కడి కార్మికులు వేడుకున్నారని చెప్పుకునేవారు. తెగిన ప్రతి పోగూ నేసేవాడి కూలిలో కోతే కాబట్టి ఆ మొర నాకు అర్థమవుతుంది. సిరిసిల్లలో సాంచె, అంటే మరమగ్గం, నడిపిన ఎవరికైనా అర్థమవుతుంది.

లాంకషైర్‌లో పస్తులుంటే బొంబాయిలో బంగారం కురిసింది. ఆ నాలుగేళ్ళలో పత్తి ధర ఎక్కుతూ పోయింది. వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక బ్యాంకులు, షేర్లు, సముద్రాన్ని పూడ్చి నేల చేసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఆ పిచ్చికి మకుటంలేని రాజు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. పుట్టింది సూరత్‌లో, ఎదిగింది బొంబాయి దలాలుగా. అతను ఊ అంటే షేరు లేచేది, ఉహూ అంటే పడేది. బ్యాక్‌బే పూడిక కంపెనీ ఐదు వేల రూపాయల షేరు యాభై వేల దాకా పలికింది. 1865 ఏప్రిల్‌లో అమెరికాలో యుద్ధం ముగిసింది. పత్తి ధర కూలింది. ముందస్తు ఒప్పందాలన్నీ తీర్చాల్సిన గడువు జులై 1. ఆ రోజుకు బొంబాయిలో తీర్చగలవాళ్ళు లేరు. ప్రేమ్‌చంద్ మునిగాడు, బొంబాయి బ్యాంకు మునిగింది, వాళ్ళను నమ్మినవాళ్ళు మునిగారు. పతనానికి ముందు అతను ఇచ్చిన విరాళంతో విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం, దాని మీద తల్లి రాజాబాయి పేరుతో గడియార స్తంభం లేచాయి. 1906 దాకా బతికి, నిదానంగా మళ్ళీ నిలదొక్కుకున్నాడు. పెద్దవాళ్ళ పతనాలకు స్తంభాలైనా మిగులుతాయి.

పత్తి ధర పందెంగా మారే అలవాటు మాత్రం ఆ నగరాన్ని వదల్లేదు. గోడౌన్లు, దలాళ్ళు, ముందస్తు ఒప్పందాలు పెద్దవాళ్ళ ఆట. వాళ్ళ వాకిట్లో నిలబడ్డ హమాలీ, గుమాస్తా, మిల్లు కూలీ ఆడుకోవడానికి చిన్న ఆట కావాలి. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజిలో పొద్దున తెరిచినప్పటి ధర, మూసేటప్పటి ధర తీగల మీద బొంబాయికి వచ్చేవి. ఆ రెండు ధరల మీద పందేలు కాసేవారు. దాన్నే అంకడా జూదం అన్నారు. ఓపెన్, క్లోజ్ అనే మాటలు అక్కడివే. తర్వాత కుండ వచ్చినా, పేక పత్తాలు వచ్చినా, పత్తికీ ఆటకూ సంబంధమే తెగిపోయినా ఆ రెండు మాటలు మాత్రం చెక్కుచెదరలేదు. కడపలో, ప్రొద్దుటూరులో, తాడిపత్రిలో చీటీ రాయించినవాడు కూడా ఓపెనా క్లోజా అనే అడిగాడు. తాను న్యూయార్క్ పత్తి బజారు భాష మాట్లాడుతున్నానని అతనికి ఎవరు చెప్పాలి?

1961లో న్యూయార్క్ నుంచి ఆ ధరలు రావడం ఆగిపోయింది. అసలు ఆట అక్కడితో చచ్చిపోవాలి. పందెం కాసేవాడికి కావలసింది పత్తి కాదనీ, ఒక అంకె చాలుననీ ఇద్దరు మనుషులు గ్రహించడం వల్ల బతికింది.

మొదటివాడు కల్యాణ్‌జీ భగత్. కచ్‌లోని రతాడియా గ్రామపు రైతుబిడ్డ. 1941లో బొంబాయి వచ్చి మసాలాలు అమ్ముకుంటూ తిరిగాడు, తర్వాత వర్లిలో కిరాణా కొట్టు చూసుకున్నాడు. పత్తి ధరల పందేలు తీసుకున్న అనుభవంతో 1962లో తానే అంకె తీయడం మొదలుపెట్టాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన చీటీలను కుండలో వేసి తీయడం వల్ల ఆటకు మట్కా అన్న పేరొచ్చింది. వినోద్ మహల్ అనే అతని భవనం ఆవరణే కార్యాలయం. రెండోవాడు రతన్ ఖత్రీ. దేశవిభజన నాటికి కుర్రాడు, కరాచీ నుంచి వచ్చిన సింధీ. మొదట కల్యాణ్‌జీ దగ్గరే పనిచేసి 1964లో కొత్త వర్లి మట్కా పెట్టుకున్నాడు. కల్యాణ్‌జీది వారమంతా నడిచేది, ఖత్రీది సోమవారం నుంచి శనివారం దాకా.

వర్లి అంటే ఏమిటో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మిల్లుల గొట్టాలు, 1920లలో కట్టిన బీడీడీ చాళ్ళు, ఒక్కో గదిలో ఒక కుటుంబం, కొన్నిచోట్ల షిఫ్టుల వారీగా పడుకునే పదిమంది మగవాళ్ళు. వర్లి, లాల్‌బాగ్, పరేల్, ప్రభాదేవి చాళ్ళలో మరాఠీ, కొంకణీల పక్కనే తెలంగాణ తెలుగు వినిపించేది. ఊళ్ళో చేతిమగ్గం కూడు పెట్టడం మానేసిన పద్మశాలీ కొడుకులు మిల్లులో సాంచె కాడికి వచ్చారు. పొద్దంతా నూలు మధ్య బతికి సాయంత్రం పగారు చేత్తో పట్టుకుని గేటు దాటినవాడికి ఎదురొచ్చే మొదటి మనిషి చీటీ రాసేవాడు. కిరాణా కొట్టు ముందు, బీడీల బంకు పక్కన, చాళ్ళ మెట్ల కింద కూర్చుని ఉండేవాడు. మన పత్రికల్లో ఆ మనిషిని బీటరు అని రాస్తారు.

ఆట ఇలా ఉండేది. మూడు అంకెలు తీస్తారు. ఉదాహరణకు తొమ్మిది, రెండు, నాలుగు వచ్చాయనుకుందాం. వాటిని చిన్నది ముందు పెట్టి రాస్తే 249. దాన్ని పత్తీ అంటారు, పన్నా అన్నా అదే. ఆ మూడూ కూడితే 15. చివరి అంకె 5. అది ఓపెన్. కొన్ని గంటల తర్వాత మళ్ళీ మూడు అంకెలు తీస్తారు. ఒకటి, ఆరు, మళ్ళీ ఒకటి వచ్చాయి. రాసేది 116, కూడితే 8. అది క్లోజ్. ఓపెన్, క్లోజ్ పక్కపక్కన పెడితే 58, అది జోడి. ఆ రోజు ఫలితం మొత్తం 249-58-116. సున్నా వస్తే దాన్ని పదిగా లెక్కించి చివర రాస్తారు, అందుకే చార్టుల్లో 780 కనిపిస్తుంది గానీ 078 కనిపించదు.

ఇందులో ఏదైనా కాయవచ్చు. ఓపెన్ అంకె ఒక్కటే కాస్తే అది సింగిల్, వస్తే రూపాయికి తొమ్మిది. జోడి కాస్తే రూపాయికి తొంభై. మూడు వేర్వేరు అంకెల పత్తీకి నూట నలభై, రెండు అంకెలు ఒకటే అయిన డబుల్ పత్తీకి రెండు వందల ఎనభై, 555 లాంటి ట్రిపుల్‌కు ఆరు వందలు, అంతకు కొంచెం పైన. ఊరినిబట్టి, కంపెనీనిబట్టి ఈ రేట్లు అటూ ఇటూ అయ్యేవి. ఓపెన్ పత్తీ, క్లోజ్ పత్తీ రెండూ ముందే చెప్పగలిగినవాడికి సంగం అనే పందెం, దాని మీద వచ్చే డబ్బుకు చాల్లో గది కాదు, ఊళ్ళో పొలమే కొనవచ్చు. కాయడానికి చిల్లర చాలు. చదువు అక్కర్లేదు, పేకాటలోలా చేతివాటం అక్కర్లేదు, గుర్రప్పందెంలోలా మైదానానికి పోనక్కర్లేదు. కూడిక వస్తే చాలు.

లెక్క నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే మోసం ఎక్కడో కుండలో జరిగిందని చాలామంది అనుకుంటారు. కుండలో మోసం లేకపోయినా ఫలితం అదే. సింగిల్‌కు పదిలో ఒక అవకాశం, ఇచ్చేది తొమ్మిది. జోడికి వందలో ఒకటి, ఇచ్చేది తొంభై. రెండింటిలోనూ రూపాయికి పది పైసలు కంపెనీవి. మూడు అంకెలు వచ్చే తీర్లు వెయ్యి. మూడు వేర్వేరు అంకెల పత్తీ ఒక్కోటి అందులో ఆరు తీర్లుగా రావచ్చు, ఇచ్చేది నూట నలభై. పదహారు పైసలు పోయాయి. డబుల్ పత్తీ మూడు తీర్లుగా వస్తుంది, రెండు వందల ఎనభై ఇస్తే అక్కడా పదహారే. ట్రిపుల్ వెయ్యిలో ఒక్కటి, ఆరు వందలిస్తే నలభై పైసలు కంపెనీకే. ఎంత పెద్ద కలగంటే అంత పెద్ద వాటా కోసుకున్నారు. సింగిల్ కాసేవాడు కూడా తప్పించుకోలేదు. వచ్చిందాన్ని మళ్ళీ కాస్తాడు కదా. వంద రూపాయలు మొదటి చుట్టుకు సగటున తొంభై, రెండో చుట్టుకు ఎనభై ఒకటి, ఏడో చుట్టుకు నలభై ఎనిమిది దగ్గరికొస్తాయి. ఏడు చుట్లంటే ఓపెన్, క్లోజ్ రెండూ కాసేవాడికి నాలుగు రోజులు. పదిహేను రోజుల పగారు ఇంటికి చేరకుండానే కరిగిపోవడానికి ఏ మాయా అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు.

ఆ లెక్క ఆడేవాళ్ళకు తెలియదని నేను అనుకోను. బీటరుకు అప్పుపడ్డవాడికి, ఊళ్ళో కూతురి పెళ్ళి పెట్టుకున్నవాడికి, పోయిన మగ్గాన్ని విడిపించుకోవాలనుకునేవాడికి పది పైసల నష్టం అడ్డం కాదు. అతను ఎంత పొదుపు చేసినా పదేళ్ళకు గానీ రాని మొత్తం ఈ రాత్రే రావచ్చునని ఎవరో చెబుతున్నారు. మిల్లు అలా చెప్పదు, సేటు చెప్పడు, సర్కారు చెప్పదు. ఆ ఒక్క మాటనే బీటరు రోజుకు రెండుసార్లు అమ్మాడు. అందుకే ఆడినవాళ్ళ మీద నాకు కోపం రాదు.

అంకె వెతుక్కోవడం కూడా ఒక బతుకే అయ్యింది. పాత ఫలితాల చార్టులు అమ్మేవారు. గళ్ళు గళ్ళుగా నెలల కొద్దీ అంకెలు, వాటి మధ్య పెన్సిలు గీతలు. మూడు వారాలుగా నాలుగు రాలేదు కాబట్టి ఇవాళ వస్తుందని ఒకడు, నాలుగు రావడం లేదు కాబట్టి రాదని ఇంకొకడు. కలలో పాము వస్తే ఒక అంకె, నీళ్ళొస్తే ఒకటి, చచ్చిపోయిన తండ్రి కనిపిస్తే ఇంకొకటి. వీధిలో తిరిగే మతిలేని మనిషికి చాయ్ ఇప్పించి నోట్లోంచి ఏ మాట వస్తుందా అని కాచుకునేవారు. రాయలసీమలో మౌనస్వాముల దగ్గర వేళ్ళు లెక్కపెట్టినవాళ్ళున్నారు. ఒక్కసారి వస్తే ఆ కథ చాళ్ళన్నీ చుట్టేది, నెల రోజులు చెప్పుకునేవారు. పోయినవాళ్ళ కథ ఇంట్లో ఆడవాళ్ళకే తెలుసు. పుస్తెలు ఎక్కడున్నాయో, పిల్లవాడి బడి జీతం ఎందుకు కట్టలేదో, పండక్కి ఊరికి ఎందుకు పోలేదో వాళ్ళకు తెలుసు.

రతన్ ఖత్రీ ఆ ఆటకు నమ్మకాన్ని తెచ్చాడు. పత్తాలు అందరి ముందూ తీసేవాడని, చూడ్డానికి వచ్చినవాళ్ళ చేతే తీయించేవాడని పేరు. రాత్రి ఓపెన్, అర్ధరాత్రి క్లోజ్. అంకె తెరిచిన నిమిషాల్లో ఫోన్ల మీద ఊళ్ళు దాటిపోయేది. సూరత్, అహ్మదాబాద్, షోలాపూర్, హైదరాబాద్. ఎమర్జెన్సీలో పందొమ్మిది నెలలు జైల్లో ఉన్నాడు, బయటికొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. 1975లో వచ్చిన హిందీ సినిమా ధర్మాత్మలో ప్రేమ్‌నాథ్ వేసిన పాత్రకు మూలం ఇతనేనంటారు. మన తెలుగులో 2024లో వరుణ్ తేజ్‌తో మట్కా పేరుతోనే సినిమా తీశారు. తెర మీద రాజు కనిపిస్తాడు. చీటీ రాయించినవాడు గుంపులో నిలబడి ఉంటాడు, ఒక్కోసారి అదీ ఉండదు.

1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. దత్తా సామంత్ నాయకత్వం, దాదాపు రెండున్నర లక్షలమంది. సమ్మెను విరమిస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు. అది ఏడాది దాటింది, మిల్లులు ఒక్కొక్కటే తలుపులు మూసుకున్నాయి, కార్మికులు చెదిరిపోయారు. చాళ్ళలో గిన్నెలు అమ్ముకున్నారు. చాలామంది ఊళ్ళకు పోయారు, చాలామంది మళ్ళీ వచ్చి కూలి పనులు చూసుకున్నారు. దత్తా సామంత్‌ను 1997 జనవరి 16న కాల్చి చంపారు. పగారు లేని పేటలో మట్కా ఎలా నడుస్తుంది? పోలీసు దాడులు కూడా పెరిగాయి. వర్లి మట్కాను చంపింది పోలీసులని అంటారు, సమ్మె అని నేనంటాను. పది పైసలు కోసుకోవడానికి ముందు రూపాయి ఉండాలి. తొంభైల మొదట్లో ఖత్రీ వ్యాపారం వదిలేశాడు. తర్వాత మహాలక్ష్మి గుర్రప్పందేల మైదానంలో కనిపించేవాడట.

మిల్లులు పోయాయి గానీ బట్ట ఆగలేదు. భివండీ, మాలేగావ్, ఇచల్కరంజి, సూరత్‌లలో పవర్‌లూములు పెరిగాయి. మిల్లులో యూనియను ఉండేది, హాజరు పుస్తకం ఉండేది, ప్రావిడెంటు ఫండు ఉండేది. పవర్‌లూము షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, తెల్లారితే ఇంకో షిఫ్టు. సూరత్ ఉధ్నా, లింబాయత్, పాండేసరా వీధుల్లో ఒడిశా గంజాం కూలీల పక్కన, మహారాష్ట్ర ఖాందేశ్ వాళ్ళ పక్కన మన పద్మశాలీలు స్థిరపడ్డారు. మార్కండేయుడి గుడి కట్టుకున్నారు. బతుకమ్మ పేర్చుకుంటారు. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉంది. పరాయి రాష్ట్రంలో ఒక పురపాలక సంస్థ తెలుగులో చదువు చెబుతోందంటే ఆ పిల్లల తండ్రులు ఎంతమంది ఆ మగ్గాల మీద ఉండి ఉండాలి.

ఇక్కడ ఒక్క విషయం నన్ను వదలదు. తెలంగాణ పల్లెల్లో చేతిమగ్గాన్ని పడగొట్టినవాటిలో సూరత్ చీర ఒకటి. చవక, రంగు పోదు, ఇస్త్రీ అక్కర్లేదు. సంతలో అది కుప్పలుగా పడ్డాక నూలు చీర నేసేవాడి దగ్గరికి బేరమే రాలేదు. మగ్గం అటకెక్కించి అతను ఎక్కడికి పోయాడు? సూరత్‌కే. తన చీరను ఓడించిన చీరను తానే నేయడానికి. ఒకప్పుడు పత్తికే పేరు పెట్టిన ఊళ్ళో ఇప్పుడు నేసేది పాలియెస్టర్. నేతగాడి చేతికి పత్తి తగలదు. పత్తి ధరలోంచి పుట్టిన అంకె మాత్రం అతని వీధి చివరే ఉంది. బొంబాయిలో కుండా పత్తాలూ ఆగిపోయినా వర్లి పేరు సూరత్‌లో ఆగలేదు. ఎవరు తీస్తున్నారో, తీస్తున్నారో లేదో తెలియని అంకెలు ఫోన్లలోకి వస్తాయి. ఖత్రీ దగ్గర కనీసం పత్తాలు కళ్ళముందు తెరుచుకునేవి. ఫోన్లో వచ్చే అంకె ఎవరి ముందూ తెరుచుకోదు.

సర్కారు లాటరీ కూడా ఒకప్పుడు ఇదే దారి పట్టింది. కేరళ 1967లో లాటరీ శాఖ పెట్టి రూపాయి టికెట్టుతో మొదలుపెట్టాక ఎన్నో రాష్ట్రాలు అందుకున్నాయి. తొంభైల నాటికి రోజుకు ఎన్నో డ్రాలు, ఒక్క అంకె మీద బహుమతులు. ఆ సింగిల్ నంబరు లాటరీకీ మట్కాకూ తేడా ముద్ర ఒక్కటే. 1998 లాటరీల నియంత్రణ చట్టం ఒకే అంకె మీద బహుమతి ఇవ్వకూడదని, ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రా మించకూడదని కట్టడి చేసింది. మంచి చట్టం. ఆలస్యంగా వచ్చింది.

రాజుల కథ త్వరగానే ముగుస్తుంది. కల్యాణ్‌జీ తర్వాత అతని కొడుకు సురేశ్ భగత్ కల్యాణ్ మట్కా నడిపాడు. 2008 జూన్‌లో అలీబాగ్ దారిలో అతని కారును లారీ గుద్దింది. ప్రమాదం కాదు, హత్య అని తేలింది. 2013లో కోర్టు యావజ్జీవ శిక్షలు వేసింది, శిక్ష పడ్డవాళ్ళలో సొంత కుటుంబసభ్యులున్నారు. రతన్ ఖత్రీ 2020 మే 9న ముంబైలో చనిపోయాడు, వయసు 88. పత్రికలన్నీ రాశాయి. ఆ రోజుల్లోనే కరోనా లాక్‌డౌన్‌తో సూరత్‌లో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. ఏప్రిల్‌లో కూలీలు రోడ్ల మీదికొచ్చారు. పని లేదు, కూలి లేదు, గది అద్దె అడుగుతున్నారు, ఊరికి పంపండి అన్నారు. కొందరి మీద కేసులు పడ్డాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు ఇదే ఊరి నుంచి లక్షలమంది రైళ్ళకు వేలాడుతూ పారిపోయారు. అప్పుడు రైళ్ళయినా నడిచాయి.

బొంబాయి మిల్లుల నేల మీద తర్వాత మాల్స్, ఆకాశహర్మ్యాలు లేచాయి. ఆ నేలలో కొంత భాగం మిల్లు కార్మికుల ఇళ్ళకు ఇవ్వాలని ఏళ్ళ తరబడి పోరాటం జరిగింది. ముసలివాళ్ళు పాత గుర్తింపు కార్డులు, పగారు చీటీలు పట్టుకుని ఊరేగింపుల్లో నడిచారు. 1982 జనవరి 1 తర్వాత మిల్లు రిజిస్టర్లలో పేరున్నవాళ్ళూ, వాళ్ళు పోతే వారసులూ అర్హులన్నారు. లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇళ్ళు అన్ని లేవు. అందుకని ఎవరికివ్వాలో తేల్చడానికి మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 2012 జూన్‌లో లాటరీ తీసింది. 6,925 ఇళ్ళు. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన కార్మికుడు మళ్ళీ ఒక డ్రా ముందు నిలబడ్డాడు, తన పేరు వస్తుందా అని. చాలామందికి రాలేదు. కొందరు తర్వాతి డ్రా దాకా బతకలేదు. అది హక్కుగా రావలసిన ఇల్లు. దాన్ని చీటీగా మార్చడం ఆ మనుషులకు జరిగిన అన్యాయాల్లో ఆఖరిది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది.

తెలంగాణ ప్రభుత్వం 2017 అక్టోబరు 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసింది. సూరత్, భివండీ, షోలాపూర్ వలస నేతన్నలను వెనక్కి రప్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటని ఆనాడు చెప్పారు. వెనక్కి రావాలంటే వచ్చినవాడు నేతన్నేనని చూపించే కాగితం కావాలి. మిల్లు కార్మికుడి దగ్గర కనీసం ఒక పాత కార్డు ఉండేది, రిజిస్టరులో ఒక వరస ఉండేది, దాని మీద లాటరీకైనా పేరు వేసుకోగలిగాడు. సూరత్ షెడ్డుల్లో ఇరవై, ముప్పై ఏళ్ళు మీటరు లెక్కన నేసినవాళ్ళలో ఎక్కువమంది పేరు ఏ హాజరు పుస్తకంలోనూ లేదు, ప్రావిడెంటు ఫండు లెక్కల్లోనూ లేదు. సేటు జేబులోని నోటుపుస్తకంలో మీటర్ల అంకెలున్నాయి. పగారు ఇచ్చాక ఆ కాగితం చింపేస్తారు.